అనకాలిమా బండ

మా కాలిమ్నోస్ దీవిలో రేవుకు ఉత్తరాన ఒక బండ ఉంది. చీకటి పడ్డాక అటు మేకలు కూడా పోవు. మా తెమెలీనా పెద్దమ్మ అయితే పట్టపగలైనా సిలువ గుర్తు వేసుకోనిదే దాటేది కాదు. ఎందుకో ఆమే చెప్పింది, అదీ తను పోయే ఏడాది.

అక్కడ చేసేదాన్ని అనకాలిమా అంటారు. అన అంటే పైకి, కాలో అంటే పిలుస్తున్నా. పూర్వం మట్టి కిందున్న ప్రాణాన్ని పేరు పెట్టి పైకి రప్పించేవాళ్లట. ఇప్పుడు శవం పక్కన కూర్చుని "లేవరా, పలకరా" అని ఆడవాళ్లు ఏడుస్తారే, దానికీ అదే పేరు. ఏడుపుగా మిగిలింది గానీ అసలు పని పిలవడమే. ఆ బండ మీద మాత్రం పాత పద్ధతే... మూడుసార్లు పిలవాలి. మనిషి బతికుంటే జవాబు రాదు. పోయినవాడైతే — పలుకుతాడు.

సెవస్తి కొడుకు సకెలారిస్‌కి పందొమ్మిదేళ్లు. ఈస్టర్ వెళ్లాక సముద్రం అడుగున స్పాంజీలు కోసే పడవెక్కి ఆఫ్రికా తీరానికి పోయాడు. చలికాలం ముందు పడవలన్నీ తిరిగొచ్చాయి, అతని పడవ తప్ప. నెల గడిచింది. సెవస్తి తిండి మానేసింది.

"ఉన్నాడో లేడో తేలకపోతే నాకు పిచ్చెక్కుతుంది అత్తా."

"పలికితే ఏం చేస్తావే?" అంది ముసలి కలొతీనా.

"పలకడు..."

చెప్పీ చెప్పీ విసిగి అత్త కూడా బయల్దేరింది. లాంతరు పట్టుకోవడానికి పక్కింటి మా పెద్దమ్మను తోడు తీసుకెళ్లారు.

గాలి లేదు. సముద్రం కూడా కదలడం లేదు.

"సకెలారీ..."

చప్పుడు లేదు. సెవస్తి అత్త చెయ్యి పట్టుకుంది.

"సకెలారీ..."

ఏమీ లేదు. సెవస్తి మొహంలోకి ప్రాణం రావడం మా పెద్దమ్మ లాంతరు వెలుగులో చూసింది. మూడోసారి గుసగుసగానే పిలిచింది.

కింద, నీళ్ల దగ్గర నుంచి — "వస్తున్నా..."

సెవస్తి కూలబడిపోయింది. ముసలామె ఆమె రెక్క పట్టి లేపింది.

"ఏడుపాపు. ఎవరి పేరు పిలిచావే నువ్వు? నా మొగుడి పేరు. తాత పేరు మనవడికి పెట్టుకున్నాం, ఆ పేరుతో పిలిస్తే ఎవడు పలుకుతాడు? పోయినవాడు పలికాడు. నలభై ఏళ్లు కాపురం చేశాను, ఆయన గొంతు నాకు తెలీదా? నీ కొడుకు నిక్షేపంగా ఉన్నాడు, పద."

సెవస్తి ఏడుస్తూనే నవ్వింది. ఇంటికెళ్లి ఆలివ్ నూనెలో ముంచుకుని రెండు రొట్టెలు తినేసింది. మా పెద్దమ్మకూ గుండె కుదుటపడింది.

ఆ శనివారం కలొతీనా గోధుమలు ఉడికించింది, పోయినవాళ్ల పేర్లు చర్చిలో చదివించి పంచడానికి. "ముసలాయన్ని నిద్ర లేపాం పాపం, శాంతి చేయించాలి" అంది. సెవస్తి ఎండుద్రాక్షలు తేవడానికి హుషారుగా లోపలికెళ్లింది.

ముసలామెకు రాత రాదు. ఫాదర్ చదవాల్సిన చీటీ మా పెద్దమ్మ ముందు పెట్టింది. పెద్దమ్మ రాసింది: సకెలారిస్.

"దాని కింద ఇంకోసారి రాయి."

"రాశాను కదా పిన్నీ..."

"ఇంకోసారి." ముసలామె గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "తొందరగా రాయవే. సెవస్తి వచ్చేస్తోంది."