అత్తమ్మ పేరు కొట్టేసిన రోజు

సంగారెడ్డి దవాఖానలో పదకొండు రోజులుండి ఇంటికొచ్చిన లక్ష్మమ్మ, కోడలు అందించిన మంచినీళ్ల గ్లాసు వైపు చూడనైనా చూడలేదు. మొహం గోడవైపు తిప్పుకుని, "జగదీశూ, నువ్వే ఇయ్యి బిడ్డా" అంది కొడుకుతో. నవత చెయ్యి గాలిలో అలాగే నిలిచిపోయింది... జగదీశ్ లేచి, భార్య మొహంలోకి చూడకుండానే గ్లాసు అందుకున్నాడు. అమ్మ కుట్లకు రోజూ కట్టు మార్చడానికి కాంపౌండర్ నర్సప్పను మాట్లాడి వచ్చానని, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పాడు. పద్నాలుగేళ్లుగా జహీరాబాద్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేస్తున్న కోడలు ఇంట్లో ఉండగా, కట్టు కట్టడానికి బయటి మనిషి! చెంపదెబ్బ కొట్టినా నవతకు అంత నొప్పి ఉండేది కాదు.

ఆమె చేసిన తప్పు ఒక్కటే... అది తప్పో కాదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

లక్ష్మమ్మ పిత్తాశయంలో రాళ్లున్నాయి. నవత పనిచేసే దవాఖానలోనే ఆపరేషన్‌కు సోమవారం ఖాయం చేశారు. ఒంట్లో రక్తం తక్కువుందని డాక్టరమ్మ సుష్మ చెబితే, జగదీశ్ సంగారెడ్డి పోయి తన రక్తమిచ్చి, బదులుగా తల్లి గ్రూపు రక్తం రెండు సంచులు తెచ్చాడు. ఆ సోమవారం ఆపరేషన్ల జాబితాలో మొదటి పేరు లక్ష్మమ్మదే. రాసింది నవతే. పొద్దున అత్తగారి గాజులు తీసి, ఆకుపచ్చ గౌను తొడిగి, థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకోబెట్టింది. తాను లోపలే ఉంటానని, ఫికర్ చెయ్యొద్దని ధైర్యం చెప్పింది.

అంతలోనే కోహీర్ నుంచి తహ్రీమ్ అనే ఇరవై మూడేళ్ల అమ్మాయిని తెచ్చారు. గర్భం సంచిలో కాక పక్క గొట్టంలో నిలిచి, ఆ గొట్టం పగిలింది. కడుపు లోపలంతా రక్తం... పెదవులు తెల్లగా పాలిపోయాయి, నాడి చేతికి అందడం లేదు. దవాఖానలో ఉన్నది ఒక్కటే థియేటర్, మత్తిచ్చే డాక్టరు ఒక్కరే. సంగారెడ్డికి పంపితే దారిలోనే ప్రాణం పోతుంది.

సుష్మ నవత వైపు తిరిగి, మీ అత్తగారు ఆగగలరా అని అడిగింది. పొద్దున నవతే చూసింది. జ్వరం లేదు, నాడి బాగుంది.

"ఆగుతది మేడమ్" అంది. అని, జాబితాలో మొదటి పేరు కొట్టేసింది.

ఒక్క మాట చెప్పి రావడానికి అత్తగారి దాకా పది అడుగులు. ఆ పది అడుగులు నడవలేకపోయింది నవత. ఆయాను పంపి, స్ట్రెచర్‌ను వార్డుకు తోయించింది.

లోపల కోత పెట్టగానే రక్తం పొంగుకొచ్చింది. తీసిన కొద్దీ ఊరుతూనే ఉంది. తహ్రీమ్‌దీ లక్ష్మమ్మ గ్రూపే. దవాఖానలో ఆ గ్రూపు రక్తం లక్ష్మమ్మ కోసం దాచిన రెండు సంచులే. సుష్మ తలెత్తి చూసింది, నోరు తెరిచి అడగలేకపోయింది. తహ్రీమ్ రక్తంతో కలుస్తుందో లేదో నవతే ల్యాబులో చూయించి, రెండు సంచులూ తెచ్చి ఎక్కించింది. కడుపులో పెట్టిన గుడ్డలన్నీ తిరిగి బయటికొచ్చాయో లేదో రెండుసార్లు లెక్క చూసింది. చేతులు పని తప్పలేదు. మనసు మాత్రం తలుపు అవతలే ఉండిపోయింది...

తహ్రీమ్ బతికింది. మళ్లీ రక్తం దొరకాలని లక్ష్మమ్మ ఆపరేషన్ గురువారానికి వాయిదా పడింది. కానీ మంగళవారం సాయంత్రానికే ఆమెకు చలిజ్వరం మొదలైంది. బుధవారం అంబులెన్సులో సంగారెడ్డి తీసుకుపోయేసరికి పిత్తాశయానికి చీము పట్టింది. కడుపు మీద జానెడు కోత, మూడు రోజులు ఐసీయూ. ఆ ఐసీయూ తలుపు దగ్గరే జగదీశ్ భార్యతో, "నా రక్తమిచ్చి తెచ్చింది మా అమ్మ కోసం. నువ్వు ఇంకెవరికో ఎక్కించినవ్. అమ్మకు ఏమన్న అయితే నా మొఖం చూడకు" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడడమే మానేశాడు.

నవత తనను తానే ప్రశ్నించుకుంది. ఆ పొద్దున పొట్ట నొక్కి చూశానా? చూశాను. అత్తమ్మ మూలిగిందా? ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. తన ఇంటి మనిషని పక్షపాతం చూపకూడదనే పంతంలో, ఉన్న నొప్పిని లేదనుకున్నానా... ఈ ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వలేదు, కంటిమీద కునుకు వాలనివ్వలేదు.

ఇంటికొచ్చిన ఏడో రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. నర్సప్ప రాలేదు. మధ్యాహ్నానికి కట్టు తడిసి వాసన వేస్తోంది. నవత ఇక ఆగలేకపోయింది. చేతులు కడుక్కుని, సామాను తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుంది. కాదనే ఓపిక లక్ష్మమ్మకు లేదు. పుండుకు అంటుకుపోయిన గుడ్డను సెలైన్‌తో నానబెట్టి, కొద్దికొద్దిగా, అత్తగారి నోట అమ్మా అనే మాట రాకుండా ఊడదీసింది నవత. లక్ష్మమ్మ ఆ చేతులనే చాలాసేపు చూసింది.

"ఆ కోహీర్ పిల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నది అత్తమ్మ. ఇంటికి పోయింది. మూడేండ్ల బిడ్డ ఉన్నదంట."

లక్ష్మమ్మ కళ్లు మూసుకుంది. "ఆమెను నా ముంగటికెల్లే లోపటికి తీస్కపోయిన్రు. మొఖం చూసిన. ఆమెను ఇడిశిపెట్టి నాకు చెయ్యిమంటనా నేను? నువ్వొచ్చి ఒక్క మాట చెప్తవని ఆ తలుపు దిక్కే చూసిన. ఆయాతోని చెప్పిచ్చినవ్. గంత పరాయిదాన్నయిన్నా నీకు?"

నవత దూది పక్కన పెట్టేసింది. ఇన్నాళ్లూ అత్తగారి కోపం రక్తం గురించి, జానెడు కోత గురించి అనుకుంది...

"భయమైంది అత్తమ్మ. నీ మొఖం చూస్తే, ఆగుతదన్న మాట వాపస్ తీసుకుంటనేమోనని భయమైంది. నేను ఎనక్కి తిరిగితే ఆ పిల్ల చచ్చిపోతుండె."

మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. సూదులు గుచ్చి గుచ్చి నల్లబడిన చేతిని లక్ష్మమ్మ మెల్లగా ఆ తల మీద పెట్టింది.

"ఒక్కదానివే మోసినవ్ గదనే" అంది.

తాను పనిచేసే షోరూమ్ నుంచి భోజనానికి వచ్చిన జగదీశ్ తడిసిన బట్టలతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. కట్టు వీపు వెనక నుంచి తిప్పాలి, లక్ష్మమ్మను లేపాలి. నవత ఒక్కతే లేపబోతుంటే అతను వచ్చి తల్లి భుజాల కింద చేతులు పెట్టాడు. రెండు వారాలకు పైగా ఒకరినొకరు తప్పించుకుని తిరిగిన ఆ ఇద్దరూ మంచానికి చెరోవైపు వంగి, కట్టు చుట్టను ఒకరి చేతికొకరు అందించుకున్నారు.

సామాను తీసుకుని నవత లేవబోతుంటే, జగదీశ్ నేల చూస్తూ అడిగాడు.

"నువ్వు తిన్నవా?"

లేదని తల ఊపింది నవత.

"రా... ఇద్దరం తిందాం" అన్నాడు.