ఇరవై పరవేదినులు

2084 నాటికి విశాఖ ఆస్పత్రుల్లో "ఎక్కడ నొప్పి?" అని అడిగేవాళ్ళు లేరు. మంచం పక్కనుండే నొప్పిమాపకం రోగి ముఖ కండరాల కదలికను చదివి ఒక అంకె చెబుతుంది. ఆ అంకెను బట్టే మందు.

సముద్రగర్భ గనిలో ప్రమాదం జరిగాక సువర్చల భర్త త్రివిక్రమ్‌కు తెలివీ చూపూ వినికిడీ మాత్రం మిగిలాయి. మాట పోయింది, ముఖం బిగుసుకుపోయింది. మాపకం సున్నా చూపింది. సున్నాకు మందెవరిస్తారు?

న్యూరో ఇంజనీరైన సువర్చల ఊరుకోలేదు. నాలుగేళ్ళు కిందామీదా పడి పరవేదినిని తయారుచేసింది. చూడడానికి మామూలు కడియం. దాన్ని తొడుక్కుని ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుంటే, ఆ మనిషి న్యూరల్ సిగ్నల్స్ అందుకుని అదే నొప్పిని మన ఒంట్లో పుట్టిస్తుంది. చెయ్యి వదిలితే పోతుంది. కృత్రిమ నాడులపై పరీక్షలన్నీ నెగ్గింది. ఇరవైమంది వాడి అభిప్రాయం చెబితే ఆస్పత్రుల్లోకి రానిస్తామని వైద్యమండలి మూడు నెలల గడువిచ్చింది.

ఇరవైమందే కదా అనుకుంది పిచ్చితల్లి.

ముందు వార్డు ఆయా నరసమ్మను అడిగింది.

"నాకెందుకమ్మా? మా మేట్రనమ్మకి తొడగండి. మా నొప్పులు ఆవిడకే తెలవాల," అంది నరసమ్మ.

మేట్రన్ డాక్టరుగారి పేరు చెప్పింది. డాక్టరుగారు కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయారు.

"బ్రహ్మాండం మేడమ్! నాకు తీరికెక్కడిదిగానీ, మా ఆవిడకొకటి ఇవ్వండి. మొగుడి బాధేమిటో తెలిసొస్తుంది."

రెండు నెలలు ఇలాగే గడిచాయి. శ్రావణమాసం రాగానే సువర్చల ఇరవై కడియాలకూ సీలు వేసి, తాంబూలాల్లో పెట్టి పేరంటాళ్ళకు పంచింది. అక్కడే పొరపాటు చేసింది. తాంబూలంలో వచ్చిన జాకెట్టుముక్కను ఎవరైనా కుట్టించుకుంటారా? బీరువాలో పెట్టి, మరో పేరంటంలో ఇంకెవరికో అంటగడతారు. కడియాలకూ అదే గతి పట్టింది.

గడువు చివరి రోజున, లెక్క చూసే యంత్రం నమోదిని చెప్పింది: "నూట పన్నెండుసార్లు చేతులు మారాయి. వాడినవారు ఎవరూ లేరు."

"ఒక్కరైనా సీలు విప్పలేదా?"

"లేదు. నిన్న పక్కింటి పేరంటంలో ఒకటి మీకే వచ్చింది. మీరూ విప్పలేదు."

సువర్చలకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన బాధ నాకు తెలియదా అన్న ధీమాతోనే నాలుగేళ్ళూ గడిపేసింది. ఒక్కరితో గడువు గట్టెక్కదని తెలిసినా ఆస్పత్రికి పరుగెత్తి, సీలు చించి, కడియం తొడుక్కుని భర్త చెయ్యి పట్టుకుంది.

మూడు సెకన్లు. కెవ్వున అరిచి, ఆయన చేతిని విసిరికొట్టింది. ఎముకల్లో నిప్పులు పోసినట్టుంది. నాలుగేళ్ళుగా, క్షణం తెరిపి లేకుండా, ఇదా!

"మొదటి వాడుకరికి రెండు ప్రశ్నలు," అంది కడియంలోంచి నమోదిని. "దీన్ని ఇతరులకు సిఫారసు చేస్తారా?"

"చేస్తాను. ప్రతి డాక్టరుకీ, ప్రతి నర్సుకీ తొడగాల్సిందే!"

"మీరు మళ్ళీ వాడతారా?"

త్రివిక్రమ్ ఆమెనే చూస్తున్నాడు. విసిరికొట్టిన చెయ్యి దుప్పటి మీద పడినచోటే ఉంది.

"నాకు... వీలుపడదు," అంది సువర్చల.

కడియం తీసి సంచిలో పడేశాకే ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది.