అంకెల గడిలో ఒక మాట

"గనిలో గ్యాస్ చూసే ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ మూడుసార్లు చూశాం తిరుమలా, క్లీన్. అయినా విదేశీ ముఠా ఇవాళే గనిని పేలుస్తుందని కబురు. ఆ గనిలో మన ఏజెంట్ అలేఖ్య ఉంది. కోడ్ వర్డ్ బాసర," అన్నాడు చీఫ్.

గంటలో ఏజెంట్ తిరుమల సెన్సర్ మెకానిక్ వేషంలో గోదావరి పక్కన బొగ్గు గని దిగాడు. మూడు వందల మీటర్ల కింద, గ్యాస్ కంట్రోల్ రూమ్ గుమ్మంలో అలేఖ్య నిలబడి ఉంది. హెల్మెట్‌లోనూ అందగత్తే.

"బాసరల రద్దీ ఎట్లుంది?"

"ఇయ్యాల్టితో తగ్గిపోతది," అని నవ్వింది.

ఆ నవ్వు చూస్తూ లోపలికి నడిచాడు, బుద్ధి తక్కువ మనిషి. వెనక ఉక్కు తలుపు పడింది. అద్దం అవతల అలేఖ్య స్పీకర్ నొక్కింది.

"సోర్స్‌ల ఏం దొరకది తిరుమలా. కోడ్‌ల ఏ ముక్క మాటిమాటికి నడుస్తదో, దాన్ని నడిపే రన్‌టైమ్ కనిపెట్టి, స్పీడ్ కోసం దాన్ని మెషిన్ కోడ్ చేస్తది. గ్యాస్ చెకింగ్ లూప్ రోజంత తిరిగేదే. దాన్ని మార్చే కంపైలర్ నాది. నా కోడ్ ఫ్యాన్ తిప్పది, అలారం కొట్టది."

ఆమె లిఫ్ట్ వైపు వెళ్లిపోయింది. ఫోన్ తీగ తెగి ఉంది. వాచీలోని ట్రాన్స్‌మిటర్ పలకలేదు. అలాంటి వాచీలు నేల మీదే గొప్ప.

గదిలో ఇంకొకరున్నారు. గ్యాస్ చూసే మైనింగ్ సర్దార్ బుచ్చిరాములు, చేతిలో మీటర్. గాలిలో గ్యాస్ మూడు పాయింట్ తొమ్మిది శాతం.

"ఐదు దాటితే ఒక్క నిప్పురవ్వ సాలు సార్. అరవై మంది పనిల ఉన్నరు. మా అల్లుడు లక్ష్మణ్ గూడ అండ్లనే ఉన్నడు."

తిరుమలకు నిజంగా భయమేసింది. కంప్యూటర్‌ లాక్ అయి ఉంది. సర్దార్ గ్యాస్ రీడింగ్ కొట్టే గడి ఒక్కటే తెరిచి ఉంది.

"ఇందులో ఏం కొడ్తరు?"

"అంకె. గ్యాస్ లేకుంటే సున్నా కొట్టుమంటరు. ముప్పై ఏండ్లు కాయితం మీద నిల్ అని రాసిన చెయ్యి, ఊకోది. నిల్ కొట్టినప్పుడల్ల మిషన్ జర నిదానమైతది. రెండు మెమోలిచ్చిండ్రు."

తిరుమల ఎగిరి లేచాడు. లూప్ ఈ గడినీ చదువుతుంది. ఎప్పుడూ అంకెలే వస్తాయన్న నమ్మకం మీదే వేగం కోడ్ తయారైంది. మాట వస్తే రన్‌టైమ్ దాన్ని పారేసి, పాత నిదానపు కోడ్‌కు తిరిగి వెళ్తుంది. పాతది క్లీన్!

"నిల్ కొట్టుండ్రి!"

"గింత గ్యాస్ పెట్టుకొని నిల్ అని ఎట్ల కొడ్త? అబద్ధం రాయ."

నాలుగు పాయింట్ ఎనిమిది.

"మీకు దండం పెడ్త, నిజమే కొట్టుండ్రి! ఏదో ఒక మాట!"

బుచ్చిరాములు కళ్లజోడు సర్దుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ, ఒంటి వేలితో, "శానా" అని కొట్టాడు. నాలుగు పాయింట్ తొమ్మిది. ఎంటర్.

తెర ఒక్క క్షణం బిగుసుకుపోయింది. మరుక్షణం సైరన్ మోగింది. గని లోపల కరెంట్ తెగి, నేల మీద వేరే లైన్‌తో నడిచే పెద్ద ఫ్యాన్ హోరెత్తింది. తలుపు తాళం వదిలింది. సర్దార్ అల్లుడి పేరు పిలుస్తూ పరిగెత్తాడు. అరవై మందీ నడిచి బయటపడ్డారు.

కరెంట్ పోయిన లిఫ్ట్ దారి మధ్యలో ఆగింది. అలేఖ్య అందులోనే ఉంది. పోలీసులు వచ్చేదాకా ఎవరూ తొందరపడలేదు.

వారం తిరక్కుండా బుచ్చిరాములుకు మూడో మెమో వచ్చింది, అంకెల గడిలో అక్షరాలు కొట్టినందుకు.