తొమ్మిది ముడుల దారం

పొట్లం విప్పగానే ముందుగా రాతిపొడి రాలింది. దాన్ని చూడగానే భద్రాచారి చేతిలో సుత్తి ఆగిపోయింది. అది ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే రాయి కాదు. తేనెరంగులో ఉంది, వేళ్ల సందుల్లోంచి ఇసుకలా జారిపోతోంది.

పొడి కింద ఒక కాగితం, ఒక దారం ఉన్నాయి. కాగితం మీద తలలు తెగిపడిన మూడు రాతి విగ్రహాలు, వాటి వెనక ఒక కొండ, బొగ్గుతో గీసి ఉన్నాయి. దారం మూరకు కాస్త తక్కువ. దాని కొసన వరసగా తొమ్మిది చిన్న ముడులు. ఉత్తరం లేదు, పేరు లేదు. అయినా ఆ గీత ఎవరిదో భద్రాచారికి ఒకరు చెప్పనక్కర్లేదు. ముక్కు గీసేటప్పుడు కింది నుంచి పైకి లాగే అలవాటు ఈ భూమ్మీద ఒక్కరికే ఉండేది. ఆ ఒక్కరూ అన్న గురవాచారి. పాత గుళ్ల మరమ్మతు పనికని ఈజిప్టు వెళ్లి, పన్నెండేళ్ల కిందట అక్కడి కొండవరదలో కొట్టుకుపోయాడు. శవం కూడా దొరకలేదు.

పొట్లం తెచ్చింది ఈ శిల్పుల వీధిని ఎరిగిన ప్రొద్దుటూరి బట్టల వ్యాపారి. భార్యతో ఈజిప్టు చూడబోతే, అక్కడి గైడు వీళ్ల మాట వింటూనే నిలువునా ఆగిపోయాడట. "గురవన్న తమ్ముడు మీకు తెలుసునా?" అని తెలుగులో అడిగాడట. కళ్లనీళ్లు పెట్టుకుని ఈ పొట్లం చేతిలో పెట్టాడట.

భద్రాచారికి ఏడుపు రాలేదు. ముందు కోపమొచ్చింది. ఆ కోపానికి కారణముంది.

ఆ ఇంట్లో మూడు తరాలుగా ఒక బంగారు ఉలి ఉండేది. చిటికెనవేలంత ఉంటుంది. విగ్రహమంతా ఇనుప ఉలితో చెక్కి, ప్రతిష్ఠనాడు కళ్లు మాత్రం దానితో తెరిచేవారు. కళ్లు తెరిచేదాకా అది రాయి, తెరిచాక దేవుడు. ఆ ఉలి శిల్పుల వీధి మొత్తానిది, కాపలా వీళ్ల ఇంటిది. తండ్రి మౌనాచారి పోయిననాడు భద్రాచారి బళ్లారి వైపు ఒక గుడి పనిలో ఉన్నాడు. వచ్చేసరికి తండ్రిని కులాచారం ప్రకారం కూర్చోబెట్టి సమాధి చేసేశారు. ఉలి కనబడలేదు. "నన్నేం అడగొద్దు భద్రా" అన్నాడు అన్న, తలొంచుకుని. నెల తిరక్కుండానే ఈజిప్టు పని ఒప్పుకున్నాడు. బయల్దేరేనాడు కులపెద్దల ఎదుట భద్రాచారి ఒకే మాట అన్నాడు: "దొంగ." గురవాచారి తమ్ముడి ముఖంలోకి ఒక్కసారి చూసి, బస్సెక్కాడు.

పోయినవాడు పోయాడు. ఆ మాట మాత్రం పోలేదు. అది వదిన ఓబుళమ్మ మీద వాలింది. పొరుగూరి నుంచి బంగారు ఉలి అరువు తెచ్చుకుని చేసే ప్రతిష్ఠల్లో ఆమెను వెనక వరసలో నిలబెట్టేవారు. ఎదురొచ్చినవాళ్లు చూపు తప్పించుకునేవారు. అయినా ఆమె మరిదికి అన్నం పెట్టడం మానలేదు. భద్రాచారికి ఆ అన్నం ఏనాడూ సరిగా దిగేది కాదు.

ఓబుళమ్మ దారాన్ని వేలికి చుట్టుకుని లేచింది.

"పోదాం పా మరిదీ. ఆ ఉలి ఆయన కాడుంటే, నా మొగుడు దొంగేనని ఈ వీధిలో నేనే చెప్తా. ల్యాకుంటే నువ్వు చెప్పల్ల, కాదని."

* * *

టూరులో ఉన్నది వాళ్లిద్దరే. గైడు ఇద్రీస్, అతని పాత కారు, నైలు దాటడానికి ఒక పడవ. ఇద్రీస్‌కు నలభై దాటాయి. ఒకప్పుడు గురవాచారి దగ్గర రాళ్లు మోసిన కూలీ. "తెలుగు ఆయనే నేర్పినాడు. తిట్టి తిట్టి నేర్పినాడు" అని నవ్వి, వెంటనే ముఖం తిప్పుకున్నాడు.

మొదటి రెండు రోజులూ పెద్ద గుళ్లు చూపించాడు. నలుగురు చేతులు చాచి పట్టుకున్నా అందని స్తంభాలు, ఆకాశానికి ఎత్తిన రాతి సూదులు, మోకాలెత్తు పాదాలతో కూర్చున్న రాజులు. ఓబుళమ్మ మెడ ఎత్తి ఎత్తి అలసిపోయింది. "ఇంతింత రాళ్లు మోసినోళ్ల నడుములు ఏమైనాయో యాడా రాయలేదేం నాయనా?" అంది.

ఒక గోడమీద రాజు బొమ్మ ఉంది. ఒళ్లంతా చెక్కుచెదరలేదు. ముఖం మాత్రం ఉలితో గొరిగేసి ఉంది.

"తరవాత రాజు చేయించినాడు. ముఖం తీసి, పేరు తీసి. మనిషి లేనట్టే" అన్నాడు ఇద్రీస్.

భద్రాచారి ఆ గాట్లమీద వేలు పెట్టి చూశాడు. గట్టి చెయ్యి, పనితనం తెలిసిన చెయ్యి. తనూ అన్న ముఖాన్ని ఇలాగే గొరిగాడు కదా అనిపించి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

రాజుల సమాధుల దగ్గర ఇద్రీస్ మరో సంగతి చెప్పాడు. "చచ్చిన రాజు చేతికి బంగారం పెట్టి పూడ్చేవాళ్లు. దొంగలు వచ్చి వేళ్లు విరిచి తీసుకున్నారు. ఎవరి పిడికిలినీ వదల్లేదు అన్నా."

మూడోరోజు పొద్దున్నే కారు దారి వదిలి కొండల్లోకి తిరిగింది. జనం లేరు, టికెట్లు లేవు. ఎండిన వాగు, రెండు పక్కలా నిట్టనిలువు కొండ. వాగు మొదట్లో ఇద్రీస్ ఆగి నేలను చూపించాడు.

"ఇక్కడే. నీళ్లు వచ్చినాయి. గురవన్న నన్ను పైకి తోసినాడు. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. జారింది." అతను తన అరచేతిని చూసుకున్నాడు. "ముందురోజే ఈ పొట్లం ఇచ్చినాడు, తమ్ముడికి పంపమని. ఊరి పేరు చెప్పేలోపలే పోయినాడు. నాకు ఎట్లా తెలుస్తుంది?"

ఓబుళమ్మ చెప్పులు విడిచి, ఆ ఇసుకమీద కాసేపు కూర్చుంది. కొంగున పిడికెడు ఇసుక మూటగట్టుకుని లేచింది. ఆమె ఏడవలేదు. భద్రాచారే ఏడ్చాడు.

పైన గట్టుమీద తలలు తెగిన మూడు విగ్రహాలున్నాయి. వాటి తలలు పక్కనే పడి ఉన్నాయి. చుట్టూ గుంతలు. ఇండియావాడు బంగారం దాచాడని పుకారు పుట్టి, ఊళ్లోవాళ్లు ఏళ్ల తరబడి తవ్వారట. ఇద్రీస్ కూడా దారం పట్టుకుని ప్రతి విగ్రహం కాలి నుంచీ కొలిచి చూశాడు. మూరెడు దారం ఎక్కడికి చేరుతుంది?

భద్రాచారి నవ్వబోయి ఆగాడు. "దూరం కొలిచే దారం కాదయ్యా ఇది. మేం విగ్రహాన్ని దాని ముఖంతోనే కొలుస్తాం. నుదుటిపై నుంచి గడ్డం దాకా ఒక కొలత. అట్లాంటివి తొమ్మిదైతే నిలువెత్తు మనిషి."

దారాన్ని మొదటి తలకు పట్టి చూశాడు, చాల్లేదు. రెండోదానికి మిగిలింది. మూడోదానికి నుదుటి నుంచి గడ్డం దాకా అతికినట్టు సరిపోయింది. అన్న చెయ్యి పట్టుకున్నట్టే అయింది అతనికి. ఆ తల పక్కనున్న విగ్రహం పాదాల నుంచి, దాని రొమ్ము తిరిగిన వైపు, దారాన్ని తొమ్మిదిసార్లు పరిచాడు. తొమ్మిదో కొలత గట్టు కిందికి దిగి, వాగు పక్కన కొండ మొదట్లో, రాళ్లు పేర్చిన చోట ఆగింది.

"తియ్యండి!" అని అరిచాడు.

ముగ్గురూ రాళ్లు లాగారు. గోళ్లు విరిగాయి. లోపలి నుంచి చల్లటి పాతగాలి ముఖానికి కొట్టింది. మనిషి పాక్కుంటూ పోగలిగినంత సందు. ఇద్రీస్ ఆకాశం వైపు చూశాడు. కొండల అవతల నల్లటి మబ్బు ఒకటి లేస్తోంది.

"అన్నా, ఆ మబ్బు మంచిది కాదు. తొందరగా!"

* * *

లోపల ఒక గది. ఏ కాలంలోనో సమాధికని మొదలుపెట్టి సగంలో వదిలేసిన గుహ. గోడలమీద బొమ్మల్లేవు. మూల ఒక చాప, మట్టి మూకుడు, అరిగిన ఇనుప ఉలి ఒకటి. నడుమ, విడిరాయిలో చెక్కిన మనిషి ముఖం.

ఓబుళమ్మ టార్చిలైటు ఎత్తింది. "మామ!" అని అరిచింది.

మౌనాచారే. అదే నుదురు, కుడిచెవి మీద అదే పాత గాటు, మాట మింగేసే అవే పెదవులు. అన్నీ ఉన్నాయి. కళ్లు మాత్రం లేవు. కళ్లుండాల్సిన చోట నున్నటి రాయి.

భద్రాచారి గది మొత్తం వెతికాడు. చాప కింద, సందుల్లో, మూకుడులో, అంతటా. బంగారు ఉలి లేదు. ఆ రాయి వెనక్కి వెళ్లి చూస్తే, బొగ్గుతో రాసిన తెలుగు అక్షరాలు కనబడ్డాయి.

"భద్రా, నాయన పోయేటప్పుడు ఉలి పిడికిట్లో పట్టుకున్యాడు. తీద్దామని చూసినా. వేళ్లు ఇరిస్తేగానీ రాదు. అన్ని దేవుళ్లకు కళ్లిచ్చిన వేళ్లు నేనెట్ల ఇరిసేది? అట్లనే సమాధిలో కూచోబెట్టినా. చెప్తే తవ్వుతారు. అందరికంటే ముందు నువ్వే గడ్డపార పట్టుకుంటావు. దానికంటే నాకు దొంగ పేరే మేలు. నాయన ముఖం చెక్కినా. కళ్లు నీ పని గదా, వచ్చి తెరువు. మీ వదినను బాగా చూసుకో."

భద్రాచారి ఆ రాతను మళ్లీ మొదటి నుంచి చదివాడు. "తవ్వేవాణ్ణే వదినా" అన్నాడు. "ఆ పొద్దు నాకు తెలిసుంటే తవ్వేవాణ్ణే. నా గురించి అన్నకు ఎంత బాగా తెలుసో చూడు!"

బయట ఎక్కడో కొండ ఉరిమింది.

"నీళ్లు! పైన వాన పడుతోంది! రండి!" ఇద్రీస్ సందులోంచి అరుస్తున్నాడు.

"పనుంది, ఆగు!" అని భద్రాచారి అన్న ఉలి అందుకున్నాడు. ఇనుముతో కళ్లు తెరవకూడదు. అయినా బంగారం ఉండాల్సిన చోటే ఉంది. ఒక రాయిని సుత్తిగా పట్టి, తండ్రి రెప్ప కింద మొదటి దెబ్బ వేశాడు. ఎడమకన్ను తెరుచుకుంది. సందు గుండా బురదనీళ్లు లోపలికి వచ్చాయి. కుడికన్ను రేఖ పట్టేసరికి నీళ్లు మడమలు దాటాయి.

కళ్లు తెరిచాక తొలిచూపు మనిషి మీద పడకూడదు. విగ్రహం ముందు అద్దం పట్టాలి, దాని చూపును అదే చూసుకోవాలి. ఇక్కడ అద్దం ఎక్కడిది?

"వదినా, పక్కకు తప్పుకో! చూపు తగుల్తుంది!"

ఓబుళమ్మ తప్పుకోలేదు. టార్చి తన ముఖంమీదికి తిప్పుకుని విగ్రహానికి ఎదురుగా నిలబడింది.

"తగలనీ. పన్నెండేండ్లు నా మొగం నేరుగా చూసినోళ్లు ల్యారు. మా మామన్నా చూడనీ."

ఆఖరి దెబ్బ పడింది. మౌనాచారి రెండు కళ్లూ తెరిచి కోడలిని చూశాడు. అప్పుడు ఏడ్చింది ఓబుళమ్మ, పన్నెండేళ్లదీ కలిపి.

"అన్నా! వదినా! చచ్చిపోతాం!" అని బయటి నుంచి ఇద్రీస్ కేక వేశాడు.

నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. భద్రాచారి వదినను సందులోకి తోసి, తను వెనక పాకాడు. బయట వాగు వాగులా లేదు, ఎర్రటి నీళ్లు బండల్ని దొర్లించుకుంటూ వస్తున్నాయి. గట్టు ఎక్కబోతూ ఓబుళమ్మ కాలు జారింది. నడుము దాకా వరదలోకి పోయింది. పై నుంచి ఇద్రీస్ బోర్లా పడి ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"ఈసారి జారనివ్వను! ఈసారి జారనివ్వను!" అని అతను వాళ్ల భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరుస్తున్నాడు. కింది నుంచి భద్రాచారి భుజం పెట్టి ఎత్తాడు. ముగ్గురూ తలల్లేని విగ్రహాల కాళ్ల దగ్గర పడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే గుహ నోటి మీద మట్టిపెళ్లలు విరిగిపడుతున్నాయి. కాసేపటికి అక్కడ గుహ ఉందన్న ఆనవాలు కూడా లేదు. బొగ్గు అక్షరాలు, తెరిచిన కళ్లు, అరిగిన ఉలి, అన్నీ లోపలే ఉండిపోయాయి.

* * *

పడవలో నైలు దాటుతుంటే భద్రాచారి అన్నాడు: "ఊళ్లో నిజం చెప్పేస్తా వదినా."

"చెప్తే మామను తవ్వుతారు."

"చెప్పకుంటే నువ్వు దొంగ పెళ్లానివే."

"ఇన్నాళ్లు మోసినా గదా. ఇంగొన్నాళ్లు మోస్తా" అని ఆమె కొంగులో ఇసుక మూట సర్దుకుంది. "నాకు తెలిసింది చాల్లే."

ఆళ్లగడ్డలో కులపెద్దలు కాచుకుని ఉన్నారు. "ఏమప్పా, ఉలి దొరికిందా?" అని అడిగారు. ఓబుళమ్మ నోరు తెరిచేలోపలే భద్రాచారి ముందుకొచ్చాడు.

"అది ఈజిప్టుకు పోనేలేదు. నాయన పోకముందే నేనే తీసుకుపోయి పోగొట్టినా. భయపడి మా అన్న మీదికి నెట్టినా. దొంగను నేను."

ఎవరో ఉమ్మేశారు. ఆ రోజు నుంచి విగ్రహాలకు కళ్లు తెరిచే పని భద్రాచారికి ఇవ్వలేదు. ఆ వీధిలో అంత చక్కటి కన్ను తెరిచే చెయ్యి ఇంకొకటి లేదని తెలిసి కూడా ఇవ్వలేదు.

ఆ ఏడు కొత్త అమ్మవారి ప్రతిష్ఠకు ఓబుళమ్మను పిలిచి ముందు వరసలో నిలబెట్టారు. అద్దం ఆమె చేతికే ఇచ్చారు. భద్రాచారి అందరికంటే వెనక, ఆమె పన్నెండేళ్లు నిలబడిన చోట, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. కళ్లు తెరిచే ముందు ఓబుళమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి, జనం మీదుగా మరిదిని వెతికి పట్టుకుని, అతని ముఖంలోకి నేరుగా చూసింది.