మాస్టారి తిరగలి

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. చదివింది అయిదో తరగతి, రాసింది సరుకుల చీటీలు, అంతే. నలుగురిలో నోరు విప్పాలంటే నా నాలుక మడతపడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది మా ఆయనకి జరిగింది. ఆయన నోటివెంట విన్నది విన్నట్టు రాస్తున్నాను, చివరి ముక్క మాత్రం నేను కళ్ళారా చూసింది. ఆయన పేరు రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. వీధిలో అందరూ పిలిచినట్టే 'టంకం' అంటాను.

రైలు కట్టని ఆనుకుని ఒక సందు ఉంది. సందు చివర మేడిల్లు. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. కుక్కలు కూడా మలుపుదాకా వెళ్ళి, మోర ఎత్తి చూసి, తోక ముడుచుకుని వెనక్కి తిరుగుతాయి.

ఆ ఇంట్లో గిటారు నేర్పే మాస్టారు ఉండేవాడు. ఒంటరివాడు. ఒకరోజు పొద్దున మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. పగిలిందంటే మామూలుగా కాదు... ముఖం చూసి మనిషిని పోల్చుకోలేకపోయారు. దేనితో కొట్టారో దొరకలేదు.

అప్పుడా ఇంటికి రంగులు వేస్తున్నది మా తమ్ముడు. ఇంటినిండా వాడి వేలిముద్రలే ఉన్నాయని పట్టుకుపోయారు. రంగులు వేసేవాడి వేలిముద్రలు గోడల మీద కాక గాలిలో ఉంటాయా? ఎవరు వింటారు! వాడింకా జైల్లోనే ఉన్నాడు.

ఆ తర్వాత ఆ ఇల్లు మోగడం మొదలుపెట్టింది.

మొదట విన్నది పాల వ్యాను డ్రైవరు. తెల్లారకముందే ఆ సందులోంచి వస్తున్నాడట. కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. వచ్చిందో లేదో, మేడ మీద నుంచి — ధన్!

దాని వెనకే ఏదో తీగ మూలిగినట్టు... మళ్ళీ ధన్! మధ్యలో ఒక గొంతు. వ్యాను అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. పాలన్నీ విరిగిపోయాయి.

"ఏమందిరా ఆ గొంతు?" అని టంకం అడిగాడు.

డ్రైవరు అటూ ఇటూ చూశాడు. గుసగుసగా అన్నాడు — "'బావా, వద్దు బావా' అందన్నా."

టంకం ఇంటికొచ్చి ఆ మాట పెళ్ళాంతో చెప్పాడు. పెళ్ళామంటే నేనే. వడ్డిస్తున్న గరిటె పక్కన పడేశాను.

"దెయ్యమైతేనేం, బావా అంటోందిగా? మా తమ్ముడు మాస్టారికి బావ ఎలా అవుతాడండీ?"

"దెయ్యం వచ్చి సాక్ష్యం చెబితే కోర్టు వింటుందటే, పిచ్చిదానా?"

"ముందు మీరు విని రండి. కోర్టు సంగతి తర్వాత."

మాస్టారికి బావ ఒక్కడే, అక్క మొగుడు. మేడింటికి ఎదురుగా ఇనుప కొట్టు ఆయనదే, కాపురం కూడా కొట్టు వెనకే. అక్క పోయినప్పటి నుంచి, ఆ ఇల్లు తన పేర రాసిమ్మని మాస్టారిని పీక్కుతినేవాడు. ఏ మాటకైనా చివర ఒక తోక తగిలిస్తాడు. "మేకులు రేపొస్తాయి, అర్థమైందా?" "చిల్లర లేదు, అర్థమైందా?" శవం పక్కన నిలబడి కూడా, "నా బావమరిది పోయాడు, అర్థమైందా?" అన్నాడు. అందరూ తలూపారు.

ఇక టంకం సంగతి. పగలు లిఫ్టులు బాగుచేస్తాడు. సాయంత్రమైతే వంటింటి గట్టు సగం ఆక్రమించుకుని పెడల్స్ చేస్తాడు. గిటారు వాయించేవాళ్ళు కాలితో నొక్కే చిన్న ఇనుప డబ్బాలు అవి. ఒకటి నొక్కితే గిటారు గొంతు బొంగురుపోతుంది, ఇంకొకటి నొక్కితే నూతిలోంచి పిలిచినట్టుంటుంది. ఆయనకి గిటారు వాయించడం బొత్తిగా రాదు, డబ్బాల పిచ్చి మాత్రం ఉంది. ఎక్కడ పాడైన డబ్బా కనిపించినా ఇంటికి మోసుకొచ్చి విప్పుతాడు. టార్చి పట్టుకోవడం నా పని. టంకం పొగ వాసన లేకపోతే నాకిప్పుడు వంట రుచించదు. మాస్టారి డబ్బాలన్నీ ఆయన చేసినవో, విప్పి మార్చినవో.

ఆ రాత్రి టంకం జేబులో స్క్రూడ్రైవరు, చేతిలో టార్చి పట్టుకుని వెనక కిటికీలోంచి ఆ ఇంట్లో దూరాడు.

మెట్ల కింద మరక అలాగే ఉంది. దాన్ని తొక్కకుండా గోడకి అతుక్కుని పైకెక్కాడు. మేడ గదిలో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. స్టాండు మీద గిటారు. గిటారు నుంచి వైరు... నేల మీద వరసగా డబ్బాలు... చివర స్పీకరు పెట్టె. అన్నిటి మీదా దుమ్ము. ఓ మూల చతికిలబడ్డాడు.

చాలాసేపు ఏమీ లేదు.

ఎదురు కొట్టు మీది దీపం ఆరిపోయింది. వీధంతా ఆరిపోయింది. కరెంటు పోయింది.

టంకం టార్చి కూడా ఆర్పేశాడు. ఎందుకార్పాడో ఆయనకే తెలియదు.

కరెంటు వచ్చింది. స్పీకరు పెట్టె మీద ఎర్ర చుక్క వెలిగింది. సన్నగా గుర్రుమంది. ఆ తర్వాత, చీకట్లో, నేల మీద —

టక్.

"సంతకం పెట్టవా? ఎన్నిసార్లు చెప్పాలి, అర్థమైందా?"

ధన్!

"బావా... వద్దు బావా..."

"అర్థమైందా?"

ధన్!

"బా..."

"అర్థమైందా? అర్థమైందా?"

ధన్! ధన్! ఏదో మెత్తగా చిట్లిన చప్పుడు. నోట్లో నీళ్ళు నిండినవాడి గురక... టక్.

మళ్ళీ మొదటికి. "సంతకం పెట్టవా?"

టంకానికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మూలలోకి ఇంకా ముడుచుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కానీ చెవులు మూసుకోలేదు, అదే ఆయన్ని కాపాడింది. రెండోసారి విన్నాడు. మూడోసారీ విన్నాడు. అదే మాట, అదే ఎగశ్వాస, అదే చోట చిన్న బుస్సుమన్న చప్పుడు... ఇన్నిసార్లు ఒకేలా చావడం ఎవరివల్లా కాదు.

టార్చి వేశాడు. నేల మీద ఒక డబ్బాకి పచ్చ దీపం వెలుగుతోంది.

"ఓరి నీ..." అని గట్టిగా నవ్వేశాడట.

ఆ డబ్బా మాస్టారి తిరగలి. ఆ పేరు మాస్టారే పెట్టాడు. మీట ఒకసారి నొక్కితే వాయించేది పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇంకోసారి నొక్కితే పట్టుకున్నదాన్ని తిప్పి తిప్పి వినిపిస్తుంది. కరెంటు పోయినా మరిచిపోదు, మళ్ళీ నొక్కితే అదే మోగుతుంది. "పొద్దున్నే కరెంటు పెట్టగానే నిన్నటి పాట దానంతటదే మోగాలోయ్" అని మాస్టారు ముచ్చటపడితే, టంకమే లోపల ఒక చిన్న ముక్క అతికించాడు. కరెంటు తగలగానే మీట నొక్కే పని ఆ ముక్కే చేస్తుంది. అంటే ఇన్నాళ్ళూ సందుని వణికించిన దెయ్యాన్ని తయారుచేసింది తనే!

నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మైకు లేదు ఆ గదిలో. మాటలు గిటారులోంచి దూరాయి. అది పాతది, తీగల కింద ఉండే అయస్కాంతాలకి మైనం పోయలేదు, దగ్గర్లో అరిస్తే వింటుంది. అది సరే. ఆ దెబ్బ మాత్రం దూరం నుంచి విన్న దెబ్బలా లేదు. ప్రతి దెబ్బకీ ఆరు తీగలూ ఒక్కసారే గింగురుమంటున్నాయి...

టంకం గిటారు దగ్గరికి మోకాళ్ళ మీద పాకాడు. పైన రక్తం కనపడకుండా ఎవరో తుడిచారు. టార్చి కిందనుంచి వేశాడు. తీగలు కట్టిన ఇనుప పలక అంచున ఏదో నల్లగా ఎండిపోయి ఉంది. అందులో వెంట్రుకలు. నెరిసినవి.

మాస్టారు పోయిన రాత్రి గిటారు వినడమొక్కటే కాదు. కొట్టింది కూడా అదే. మాస్టారు వాయించబోతూ మీట నొక్కి ఉంటాడు, వైరు తగిలించి ఉన్నప్పుడే బావ దాన్ని లాక్కుని ఎత్తి కొట్టాడు. తన దెబ్బలు తనే పట్టుకుంది. తర్వాత మనిషిని మెట్ల కిందికి ఈడ్చి, గది తుడిచి, గిటారుని స్టాండు మీద పెట్టేశాడు. చివరి ఆ టక్... పడిపోయిన మాస్టారి చెయ్యి మీట మీద పడిన చప్పుడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఉండాలి, లేకపోతే కొట్టినవాడి చెవిలోనే మోగేది.

"ఎవడ్రా అక్కడ?"

గుమ్మంలో ఇనుప కొట్టాయన. చేతిలో ఊచ. టార్చి వెలుగు చూసి వచ్చినట్టున్నాడు. టంకం టార్చి ఆయన కళ్ళలోకి కొట్టాడు. ఆయన ముఖమంతా చెమట. తిరగలి మళ్ళీ మొదటికొచ్చింది.

"సంతకం పెట్టవా? ఎన్నిసార్లు చెప్పాలి, అర్థమైందా?"

తన గొంతు తనకే వినపడేసరికి ఆయన ఒక్క క్షణం కొయ్యబారిపోయాడు. తర్వాత ఊచ లేచింది.

మొదటి దెబ్బ టంకం కుడి ముంజేతి మీద పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. టార్చి ఎగిరిపడి ఆరిపోయింది. రెండోది నుదుటి మీద. కళ్ళలోకి వేడిగా రక్తం కారింది. కడుపులో ఒక తాపు. టంకం వెల్లకిలా పడ్డాడు. చీకట్లో ఊచ మళ్ళీ లేచిన గాలి ముఖానికి తగిలింది. "చస్తావు, అర్థమైందా?" అని మీద నుంచి ఒక గొంతు... "అర్థమైందా?" అని స్పీకరు పెట్టెలోంచి అదే గొంతు.

"బావా... వద్దు బావా..."

ఊచ టంకం మీద పడలేదు.

కొట్టాయన అటు తిరిగాడు. "నోర్ముయ్! ఇంకా చావవేంరా నువ్వు!" అంటూ స్పీకరు పెట్టె మీద పడ్డాడు. చెక్క చీలింది. పెట్టె ముందరి జల్లెడ గుడ్డ చిరిగింది. కొడుతున్నాడు, మళ్ళీ కొడుతున్నాడు... గొంతు ఆగడం లేదు. టంకం ఎడమచేత్తో నేలంతా తడిమి, తిరగలిని వైర్లతో సహా పెరికాడు. గది నిశ్శబ్దమైపోయింది.

అయినా ఆయన కొడుతూనే ఉన్నాడు. మూగదైన పెట్టెని. "నోర్ముయ్... నోర్ముయ్..." అంటూ. టంకం మెట్ల మీద దొర్లుకుంటూ దిగుతున్నప్పుడు కూడా పైన ఆ చప్పుడు వినిపిస్తూనే ఉందట.

తలుపు తీసేసరికి ఎదురుగా మా ఆయన. చొక్కా ముందంతా ఎరుపు. చెయ్యి వంగకూడని చోట వంగి వేలాడుతోంది. ఇంకో చేత్తో డబ్బాని బిడ్డలా గుండెకి హత్తుకుని ఉన్నాడు.

"ఆసుపత్రికి పదండి..."

"పోదాంలే. ముందు దీన్ని విప్పవే. లోపల ఏమీ విరగలేదు కదా, చూడు. మీ తమ్ముడి ప్రాణం ఇందులో ఉంది."

ఆయన నుదుటికి తువ్వాలు కట్టి, డబ్బా స్క్రూలు నేనే విప్పాను. ఎప్పుడూ టార్చి పట్టుకునే దాన్ని, ఆ రాత్రి టార్చి ఆయన పట్టుకున్నాడు. మూత తీసి చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏమైందండీ? పోయిందా?"

"లేదు. అంతా బాగానే ఉంది." టార్చి కొసతో చూపించాడు. "ఇదిగో, నేను అతికించిన ముక్క. దీని తీగ ఊడిపోయింది."

"దెబ్బలాటలో ఊడిందేమో."

"సరిగ్గా చూడు."

చూశాను. ఊడిన తీగ కొస నల్లగా పాతబడి ఉంది. ఆ కొసకీ డబ్బా లోపలి పలకకీ మధ్య సాలీడు గూడు అల్లి ఉంది. ఎండిపోయిన సాలీడు అందులోనే ఉంది.

"మాస్టారు దీనిమీద పడ్డ రోజే ఊడి ఉంటుంది" అన్నాడు ఆయన. "అందుకే మర్నాడు పోలీసులు కరెంటు వేసినా మోగలేదు. ఆ రోజు నుంచీ ఇది దానంతటది మోగలేదే. ఎవరో ఒకరు నొక్కాలి."

"మరి... ఎవరు నొక్కుతున్నారండీ?"

ఆయన టార్చి పక్కన పెట్టాడు. మూత పెట్టెయ్యమన్నాడు. స్క్రూలు బిగిస్తుంటే ఒకటి ఎక్కడో పడిపోయింది. ఇప్పటికీ దొరకలేదు.

ఆసుపత్రి మంచం మీద, మత్తుమందు ఎక్కేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "రేపు నువ్వే వెళ్ళాలి. మీటని ఒక్కసారి తాకి కాలు తీసెయ్. నొక్కిపట్టావా, అంతా చెరిగిపోతుంది. ఇంకేమీ మాట్లాడక్కర్లేదు."

పొద్దున్నే తిరగలినీ, వంటింటి గట్టు మీది చిన్న స్పీకరునీ సంచిలో పెట్టి, పైన కూరగాయలు కప్పాను. దారిలో ఇనుప కొట్టు తెరిచే ఉంది. కొట్టాయన అరచేతికి గుడ్డ కట్టుకుని ఎవరితోనో "రేటు తగ్గదు, అర్థమైందా?" అంటున్నాడు. తలవంచుకుని ఆయన ముందునుంచే నడిచాను. ఎప్పుడూ తలవంచుకునే పోయే మనిషిని, ఆయన నన్ను చూడనైనా లేదు.

స్టేషనులో అధికారి ఎదుట అన్నీ నేల మీద పెట్టి, మా ఆయన చెప్పినట్టే వైర్లు తగిలించాను. చుట్టూ జనం మూగారు. నాలుక మడతపడింది.

"ఏంటమ్మా, కచేరీ పెడతావా?" అన్నాడు అధికారి. అందరూ నవ్వారు.

చెప్పు విప్పాను. మీట వైపు చూశాను. ఎక్కువ నొక్కేస్తానేమో, చెరిగిపోతుందేమో, తమ్ముడి బతుకు నా కాలి కింద ఉందే అని... కాలు రాయిలా బిగుసుకుపోయింది. ఎంతసేపు అలా నిలబడ్డానో! "మాస్టారూ..." అని గొణిగాను, ఎందుకో.

టక్.

అందరూ నా కాలి వైపు చూశారు. నేనూ చూసుకున్నాను.

అది నేల మీదే ఉంది.