కవళ్ళ పాటకు మూలపత్రం

నూకాలమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతూ కూనిరాగం తీసింది. రెండు వరుసలు నోట్లోంచి వచ్చాయో లేదో, పొయ్యి పైన గోడకు అతికించిన మూలదర్శిని పట్టీ నీలంగా వెలిగింది.

“మూలం: అజ్ఞాత స్త్రీ. భద్రపరచినవారు: ద్వీపగాన నిధి. ప్రస్తుత గాయని: అనుకరణ. సరిపోలిక: అరవై ఒక్క శాతం.”

రాసి చూపించడమే కాదు, చదివి వినిపించింది కూడా, చాలా మర్యాదైన గొంతుతో.

“ఒలే తరళా, ఇదేటో నన్నంటంది, ఇలా రా!”

తరళ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ వచ్చింది. పట్టీ మీద ఇంకా ఆరిపోని అక్షరాలు చూసింది.

“అనుకరణంటే ఏటే?”

“ఇంకెవర్నో చూసి పాడుతున్నావంటోంది.”

“నానా? ఎవర్ని సూసి?”

“ఎవరో పేరు తెలియనావిడని.”

“దాని మొకం. పేరు తెలీనోల్ని సూసి నానెలా పాడతాను?” అని నూకాలమ్మ చింతపండు పిప్పి తీసి చెత్తబుట్టలో గట్టిగా కొట్టింది.

మామూలుగా అయితే తరళ నవ్వేది. కానీ నిన్న సాయంత్రం ఇదే మాట ఆమె కొత్త పాట ‘కవళ్ళ దరువు’ మీద పడింది. రాత్రంతా ఆమెకు నిద్ర లేదు.

మూలదర్శిని లేని చోటంటూ ఇప్పుడు లేదు. బస్సులో, టీకొట్లో, పెళ్ళిపందిట్లో, పసిపిల్లల గిలక్కాయలో కూడా ఉంది. ఏ పాట వినిపించినా, అది ఎవరి గొంతునుంచి పుట్టిందో చెప్పి తీరాలి. యంత్రాలు జనం పాటల్ని దోచి, నమిలి, రోజుకు లక్ష పాటలు ఉమ్మేస్తున్న కాలంలో పాటగాళ్ళందరూ వీధికెక్కి సాధించుకున్న చట్టమది. అప్పుడు విశాఖ బీచిరోడ్డులో అట్ట పట్టుకుని నడిచినవాళ్ళలో తరళ కూడా ఉంది. ‘పాటకు తల్లి పేరు కావాలి’ అని ఆ అట్ట మీద రాసింది ఆమే.

ఇప్పుడు ఆమె వయసు నలభై ఒకటి. జనం గెంతి ఆడే పాటలు కట్టడం ఆమె వృత్తి. ఇంకో తొమ్మిది రోజుల్లో విశాఖ రేవు సంబరంలో నలభై వేలమంది ‘కవళ్ళ దరువు’కు ఆడబోతున్నారు. ద్వీపగాన నిధివాళ్ళు అనుమతి కూడా ఇచ్చేశారు, పైసా అడగలేదు. పాట మొదలవగానే రేవంతా కనిపించే తెర మీద ‘మూలం: అజ్ఞాత స్త్రీ’ అని పడాలి, అంతే.

“పడనీ, నీకొచ్చిన నష్టమేంటి?” అన్నారు స్నేహితులు.

ఆ మాటకే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. దరువుకు మూలమైన ఆ పాట ఆమె తల్లిది. తల్లికి మైలపల్లి నూకాలమ్మ అని ఓ పేరుంది.

*

ఆ రోజే ఇద్దరూ వెళ్ళిన నాద నమోదు కార్యాలయంలో అధికారిణి పేరు సుచేత. ముప్ఫై ఏళ్ళుంటాయి, మంచి మనిషి. నూకాలమ్మకు కుర్చీ వేయించింది, నీళ్ళిప్పించింది. తర్వాత ఒక పత్రం తరళ ముందుకు జరిపింది. అందులో ‘మిమ్మల్ని తీర్చిదిద్దిన పాటలు’ అని ఒక గడి.

తరళ రాసింది. నా చిన్నప్పుడు అండమాన్‌లో మాయాబందరు రేవు పక్కన మా పాక. పక్కింటి ఎస్తేరు, బర్మా నుంచి వచ్చిన కరెన్ల పిల్ల, ఆదివారం చర్చిలో పాడే కీర్తన సోమవారం బట్టలుతుకుతూ పాడేది. వెనక వరసలో రాంచీ కూలీలు శనివారం మాందర్ డోలు వాయించేవారు. ఓడ వచ్చేటప్పుడు రెండు కూతలు కూసేది. ఇవన్నీ కలిపి మా అమ్మ రేవులో కవళ్ళ చేపలు ఎండబెడుతూ ఒక పాట కట్టుకుంది. నా పాటలన్నీ దానిలోంచే.

సుచేత చదివింది. “వీటిలో రికార్డు అయినవి ఏవండీ?”

“ఏవీ లేవు.”

“అయితే రాయడానికి వీల్లేదండీ. ఒక్క కవళ్ళ పాట మాత్రం ఉంది, ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి రికార్డు. గాయని పేరు లేదు.”

“పేరెందుకుంటాది?” అంది నూకాలమ్మ. “ఓ టోపీవోడొచ్చేడు. కర్ర సివర బొచ్చుముద్ద కట్టి నా మొకం మీద ఎట్టేడు. పిల్లకి బిస్కట్ పొట్లం ఇచ్చేడు. నా పేరేటని అడగనేదు.”

“ఆ గాయని మీరేనని తేలితే మీ పేరే వేస్తామమ్మా. ఒకసారి పాడండి. తొంభై అయిదు శాతం సరిపోలితే చాలు.”

నూకాలమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కొంగు భుజం మీదకి లాక్కుంది. ‘ఎండండే కవళ్ళో ఎండండే, కాకమ్మ కన్నుపడక ముందే ఎండండే’ అని పాడింది. డెబ్భై ఏళ్ళ గొంతైనా తీగలా సాగింది.

“అరవై మూడు శాతం” అంది యంత్రం.

“అదేటి? ఇంకోపాలి పాడతానుండు.”

“అచ్చం రికార్డులోలాగే పాడాలమ్మా.”

“అచ్చం ఎలా పాడతానమ్మా? అప్పుడు సేప ఉంది, ఎండుంది. ఇక్కడేటుంది, పంకా.”

రెండోసారి యాభై తొమ్మిది వచ్చింది.

“గొంతు మారడాన్ని యంత్రం లెక్కలోకి తీసుకుంటుంది. అది కాదు సమస్య” అంది సుచేత. “రికార్డులో ప్రతి నాలుగో దరువూ ఖాళీగా ఉంది. ఆవిడ అక్కడ పాడదు. మీ అమ్మగారు ఆపకుండా పాడుతున్నారు. ఆ గాయని వేరే ఆవిడని చెప్పడానికి అదే పెద్ద గుర్తండీ.”

తరళ ముందుకు వంగింది. ఆ ఖాళీ లోకమంతటికీ తెలుసు. ‘తరళ ఖాళీ’ అనే పిలుస్తారు. ఆమె కట్టిన ప్రతి పాటలోనూ నాలుగో దరువు ఉండదు. అక్కడ ఆడుతున్నవాళ్ళు గాలిలో ఆగి, అప్రయత్నంగా తలెత్తి పక్కవాళ్ళ ముఖాలు చూసుకుంటారు. ఎక్కడనుంచి తెచ్చావని అడిగితే ఆమె ఎప్పుడూ చెప్పలేకపోయింది. పండితులు మాత్రం దానికి ఆఫ్రికా అన్నారు, జావా అన్నారు.

“ఆ రికార్డు వినిపించండి.”

సుచేత వినిపించింది. ముందు కాకులు, అలలు. తర్వాత ముప్ఫై రెండేళ్ళ నూకాలమ్మ. మూడు దరువులు, ఖాళీ. మూడు దరువులు, ఖాళీ.

వింటున్న నూకాలమ్మ ముఖం మారిపోయింది. కుర్చీలో ఉన్నట్టుండి నిటారుగా లేచి, మెడ సాచి గుమ్మం వైపు చూసింది.

“ఏంటమ్మా?”

“నువ్వు నీల్ల కాడికి పోతన్నావేమోనని.”

సుచేత రికార్డు ఆపింది.

“మరేటి? మూడేల్ల పిల్లవి. అరుగు సివర సముద్రం. సేతులు సేపలో, కల్లు నీ మీద. తలెత్తి సూసుకోవాలి గదా. సూసేటప్పుడు పాటెలా పాడతాను? ఇప్పుడు నువ్వు గాడిదలా పెరిగేవు, ఎవర్ని సూడాలి?”

తరళ తల్లి చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళుగా లక్షలమందిని ఆడించినది ఒక చూపని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

“ఇది రాసుకోండి” అంది సుచేతతో. “ఖాళీకి మూలం ఇది.”

సుచేత పత్రం అటూ ఇటూ తిప్పింది. ఆమె కళ్ళలో తడి ఉంది, అయినా తల అడ్డంగా ఊపింది. “నిశ్శబ్దానికి మూలం నమోదు చేసే గడి లేదండీ.”

“గడి లేకపోతే గీయండి! మా అమ్మ మీ ముందు కూర్చుని ఉంది. నోరు తెరిచి చెబుతోంది. ఆవిడ మాట కంటే టోపీవాడి డబ్బా ఎక్కువా? పేరడగని వాడు భద్రపరిచినవాడూ, కన్నది అనుకరించేదీనా?”

“నా చేతుల్లో లేదండీ. వారం తర్వాత మళ్ళీ పరీక్షకు రావచ్చు. ఇంట్లో మూలదర్శిని ఉందిగా, దానితో సాధన చేయించండి. చాలామంది చేస్తున్నారు.”

“ఎవరు చేస్తున్నారు?”

“ఇలాంటి అమ్మలే” అంది సుచేత చిన్నగా.

“పదమ్మా” అని తరళ లేచింది. అజ్ఞాత స్త్రీ పేరుతో పాట వెయ్యననీ, సంబరానికి రాననీ నిర్వాహకులకు ఫోన్‌లో చెప్పేసింది.

ఇంటికి చేరాక నూకాలమ్మ అడిగింది, “నలబై యేలమందా?”

“ఎంతమందైతేనేం, వదిలెయ్.”

“నా మూలాన నీ పని సెడిపోతే ఎలాగే?”

*

మర్నాటినుంచి నూకాలమ్మ సాధన మొదలుపెట్టింది. తరళ వద్దంది, బతిమాలింది, కసిరింది. మూలదర్శినిని గోడనుంచి పీకేద్దామని స్టూలు కూడా ఎక్కింది.

“దాని మీద సెయ్యేసేవంటే నానూరుకోను. నా పేరు నాకక్కర్లేదేటి?” అంది తల్లి. తరళ స్టూలు దిగిపోయింది.

పొద్దున్న కాఫీ నుంచి పాట. పప్పు మాడినా పాటే. ‘ఒకటి, రెండు, మూడు, ఆగు’ అని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకునేది. డెబ్భై. డెబ్భై ఆరు. ఎనభై రెండొచ్చిన రోజున వెళ్ళి పక్కింటావిడతో చెప్పుకుంది. ఎనిమిదో రోజున కార్యాలయంలో, కొంగు నడుముకు దోపి మరీ పాడింది. తొంభై ఏడు. సుచేత చప్పట్లు కొట్టింది. మూలపత్రం మీద మైలపల్లి నూకాలమ్మ అని తెలుగులో అచ్చయి వచ్చింది. నూకాలమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

సాధించామని తరళ కూడా అనుకుంది. మర్నాటి సంబరానికి వస్తానని చెప్పి, మధ్యాహ్నమంతా రేవులో స్పీకర్లు సరిచూసుకుని, తెర మీద తల్లి పేరు రెండు నిలువుల ఎత్తున వెలిగించి చూసుకుని, తల్లికి కొత్త చీర కొని నాలుగు గంటలకు ఇంటికొచ్చింది.

వంటింట్లో పాట వినిపిస్తోంది. గుమ్మంలో ఆగింది. నూకాలమ్మ పీట వేసుకుని పట్టీకి ఎదురుగా కూర్చుని ఉంది. ఎండండే కవళ్ళో. మూడు దరువులు, ఖాళీ. దరువు కొలిచినట్టు ఉంది, రికార్డులో ఎలా ఉందో అచ్చం అలాగే.

“అమ్మా, ఇంకా ఎందుకు? నీ పేరు వచ్చేసిందిగా.”

నూకాలమ్మ తల తిప్పలేదు. మూడు దరువులు పాడింది. ఖాళీలో కళ్ళెత్తి పట్టీ మీది అంకె చూసింది. మళ్ళీ మూడు దరువులు. మళ్ళీ అంకె.

తరళ చేతిలో చీర కవరు జారి కింద పడింది. ఆ చప్పుడుకు కూడా తల్లి చూడలేదు. తరళ గబగబా లోపలికి నడిచి, పట్టీకీ తల్లికీ మధ్య, తల్లి చూపుకు సరిగ్గా ఎదురుగా నిలబడింది. నాలుగో దరువు కోసం ఊపిరి బిగబట్టి చూసింది.

నూకాలమ్మ పాట ఆపి, మెడ పక్కకు వంచి, కూతురి నడుము పక్కనుంచి గోడకేసి చూసింది.

“అడ్డు లెగే, అంకె కనబడ్డం నేదు. ఇంకా మూడు తక్కువుంది.”