సొరంగంలో మూడో చెయ్యి

ఆ సొరంగానికి మంచి పేరు లేదు.

తవ్వే రోజుల్లో పైకప్పు కూలి ఒక కూలీ లోపలే చిక్కుకుపోయాడట. రాళ్ళు తొలగించే వాళ్ళకి అవతలినుంచి తట్టిన చప్పుడు మూడు రోజులు వినిపించిందట... నాలుగో రోజు వినిపించలేదు. ఆనాటినుంచి, చీకటివేళ అందులో దూరిన బండిని ఎవరో బయటనుంచి తడతారనీ, ఆ చప్పుడు వినగానే బండి ఆగిపోతుందనీ అక్కడివారి నమ్మకం.

ఈ సంగతి నాకు చెప్పినవారు మా బావగారు. నలభై ఏళ్ళు మందుల షాపు నడిపిన మనిషి. మాటను కూడా మందులాగే కొలిచి ఇస్తారు. ఆయన చెప్పినది చెప్పినట్టే మీ ముందు ఉంచుతున్నాను.

బావగారికి బడినాటి స్నేహితులు ఇద్దరు. ఒకరు బస్సు డ్రైవరు. రెండోవారు అదే బస్సుకి కండక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే బండి మీద పనిచేశారు. తమతోకంటే వాళ్ళిద్దరే ఒకరితో ఒకరు ఎక్కువ కాపురం చేశారని భార్యలు వేళాకోళం చేసేవారట.

రిటైరైన నాటినుంచి డ్రైవరుది ఒకటే కోరిక. పరాయి దేశంలో, తెలియని కొండదారిలో, టైమ్‌టేబుల్ లేకుండా, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేకుండా ఒక్కసారి బండి నడపాలి. చివరికి ముగ్గురూ బయల్దేరారు. విమానాశ్రయంలో సాగనంపడానికి వచ్చిన డ్రైవరు భార్య కళ్ళజోడు లేకుండానే టికెట్ల మీది చీమతలకాయంత అక్షరాలు గడగడా చదివి సీటు నంబర్లు చెప్పిందట. బావగారికి అది ఎక్కడో కలుక్కుమంది. ఎందుకో మాత్రం ఆ వేళ తోచలేదు.

ఆ దేశంలో దిగి కారు అద్దెకు తీసుకున్నారు. స్టీరింగు మనకు అలవాటైన కుడివైపే ఉంది. తాళం ఇచ్చిన గుమాస్తా సొరంగం కథంతా చెప్పి, పొద్దెక్కాక వెళ్ళమన్నాడు. ఆ చలికాలంలో ఆరున్నర దాకా వెలుతురు రాదు. అయినా కండక్టరు నాలుగున్నరకే బయల్దేరాలని పట్టుబట్టాడు. ఆ వేళ రోడ్డు మీద పురుగు కూడా ఉండదు, మొదటి ట్రిప్పు సుఖమే వేరు అన్నాడట. బావగారు వద్దన్నారు.

"ఒరేయ్ సగం డాక్టరూ," అన్నాడు కండక్టరు, "దెయ్యమెక్కితే టికెట్టు కొట్టే పూచీ నాది. నువ్వెక్కి కూర్చో."

డ్రైవరు చీకట్లో తలుపు పిడి కోసం కాసేపు తడుముకున్నాడు. కొత్త బండి కదా అని నవ్వాడు. తాళం కండక్టరే పెట్టి తిప్పాడు. తర్వాత పక్క సీటులో కూర్చుని మెడదాకా దుప్పటి కప్పుకున్నాడు... కాని తన వైపు అద్దం పూర్తిగా దింపి ఎడమ చెయ్యి బయట పెట్టాడు. ఎముకలు కొరికే చలి. అద్దం ఎత్తరా అంటే, గాలి తగలకపోతే కడుపులో తిప్పుతుందన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో నిలబడిన మనిషికి కడుపులో తిప్పడమేమిటి? అనుకున్నారు గాని బావగారు పైకి అనలేదు.

కొండెక్కుతున్నంతసేపూ కండక్టరు నోరు మూయలేదు. ఇదిగో కుడి మలుపు, ఇదిగో నిటారు ఎత్తు, ఎదర లారీ... అంటూ చిన్నపిల్లవాడిలా వరసపెట్టాడు. ఎక్కడికక్కడ స్టాపు పేర్లు అరిచే అలవాటు చావలేదని బావగారు వెనక సీటులో నవ్వుకున్నారు.

ఆరు దాటాక సొరంగం వచ్చింది.

లోపల దీపాలు సగానికి పైగా చచ్చిపోయి ఉన్నాయి. గాలి తోడే పెద్ద ఫ్యాన్ల హోరులో మనిషి మాట మనిషికి వినపడదు. కండక్టరు నోరు ఆగిపోయింది. బండి ఎద్దుబండి నడకకు దిగింది.

అప్పుడు వినిపించింది—

టక్.

బయటనుంచి. కారు ఒంటి మీద, సీటు దాకా అదిరేలా. ఒక్కసారి.

బండి ఆగిపోయింది.

ముందు సీట్లలో ఇద్దరూ కదలలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. బావగారు పిలిచారు... ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు. కొంతసేపటికి—

టక్ టక్.

బండి కదిలింది.

అలా నాలుగుసార్లు. ఒకసారి తడితే ఆగడం... రెండుసార్లు తడితే కదలడం... ఎవరో ఆజ్ఞ ఇస్తున్నట్టు, బండి తల వంచి వింటున్నట్టు. బావగారు తలుపు తెరవబోయారు. అది లోపలినుంచి తెరుచుకోలేదు. దిగినా, ఎక్కడికి?

ఇంతలో ఎదురుగా లారీ వచ్చింది. దాని దీపాల వెలుగు కారు లోపల ఒక్క క్షణం మెరిసింది. ఆ ఒక్క క్షణంలోనే బావగారు స్టీరింగు చూశారు.

దాని మీద మూడు చేతులున్నాయి.

రెండు డ్రైవరువి. మూడోది... సన్నగా, నరాలు తేలి... కింది చీకట్లోంచి పైకి వచ్చి స్టీరింగును పట్టుకుని ఉంది. మెల్లగా తిప్పుతోంది.

లారీ దాటిపోయింది. మళ్ళీ చీకటి.

బావగారు ముందు సీటు అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, వచ్చినన్ని దేవుళ్ళ పేర్లు తలుచుకుంటూ కూర్చున్నారు. ఎంతసేపో ఆయనకే తెలియదు. రెప్పల మీద వెచ్చగా తగిలితే కళ్ళు తెరిచారు. సొరంగం దాటేశారు. కొండల మీద పొద్దు భగభగా పొడుచుకొచ్చి ఉంది.

టక్.

బండి రోడ్డు పక్కన ఆగింది. డ్రైవరు ఇంజను ఆపాడు.

ఎండ సూటిగా డ్రైవరు మొహం మీద పడుతోంది. ఆయన రెప్ప వాల్చలేదు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు—

"ఏరా... ఇంకా తెల్లారలేదా?"

కండక్టరు వెనక్కి తిరిగి బావగారి వంక చూశాడు. కప్పుకున్న దుప్పటి జారి ఉంది. దాని కిందనుంచి సాగిన కుడి చెయ్యి ఇంకా స్టీరింగు మీదే ఉంది. ఎడమ చేతి కణుపులు తలుపు మీద కొట్టి కొట్టి తోలు లేచి ఉన్నాయి. బస్సు ఒంటి మీద కండక్టరు ఒకసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనీ. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఇద్దరూ మాట్లాడుకున్న భాష అదే.

బావగారికి అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళుగా డ్రైవరు తన షాపులో కొంటూ వచ్చిన చిన్న తెల్ల సీసా. పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి, చూపు అంచులనుంచి మాసిపోయే జబ్బుకి వేసే మందు. మా ఆవిడకిరా, అనేవాడు. డాక్టరు చీటీ చూపించమని బావగారు ఏనాడూ అడగలేదు. స్నేహితుడు కదా.

కండక్టరు వెనక్కి వంగి చెవిలో అన్నాడు. "ఇందాకటిదాకా వాడికి చూపు కాస్త కాస్త ఆనేదిరా. సొరంగంలోకెళ్ళాకే పూర్తిగా... మధ్యలోనే ఆపేసి కూర్చుంటే వెనకొచ్చేవాడు గుద్దేస్తాడని పోనిచ్చాను. వాడికి చెప్పకు. ఈ ఒక్క రోజూ నడపనీ."

వెనక సొరంగం. ముందు లోయలోకి మెలికలు తిరిగిన దిగుడు. ఫోనుకి సిగ్నల్ లేదు. మిగిలిన ఇద్దరిలో బండి నడపడం వచ్చినవాడు లేడు.

డ్రైవరు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. మొహంలో నవ్వు ఉంది. కొత్త పెళ్ళికొడుకు నవ్వు అన్నారు బావగారు.

"వీడు నన్ను ఆటపట్టిస్తాడు. సగం డాక్టరూ, నువ్వబద్ధం ఆడవు. చెప్పు. తెల్లారిందా?"

బావగారు ముందుకు వంగి, చప్పుడు కాకుండా తాళం తీసి జేబులో వేసుకున్నారు.

"లేదురా," అన్నారు. "ఇంకా కాస్త సేపు పడుతుంది. తెల్లారాక పోదాం."

డ్రైవరు తలూపి సీటుకు జారబడ్డాడు. "అయితే లైట్లు ఆపేయండి," అన్నాడు. "ఊరికే బ్యాటరీ పోతుంది."

ఇక్కడికి వచ్చి బావగారు ఆగిపోయారు. అప్పటికి టైమెంతయిందని నేను అడిగాను.

"టైము చూడలేదు బావా," అన్నారు. "ఎండకి వాడి నుదుటి మీద చెమట పడుతోంది."